ఓవర్‌క్లాకింగ్

ఓవర్‌క్లాకింగ్ అనగా కంప్యూటరులోని ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు వంటి భాగాన్ని తయారీదారు నిర్ణయించిన గడియార వేగం కంటే ఎక్కువ వేగంతో పనిచేయించుట. కొద్దిపాటి ఖర్చుతో పనితీరు పెంచుకొనుటకు ఇంటి కంప్యూటర్ల వాడుకరులు ఈ పద్ధతిని అనుసరిస్తారు. వేగంతో పాటు విద్యుత్ వినియోగం, వేడి కూడా పెరుగుతాయి. అందువలన వరంగల్ వంటి ఉష్ణ ప్రాంతాలలో ప్రాసెసరు సామర్థ్యం కంటే ముందుగా గది ఉష్ణోగ్రతయే దీనికి హద్దు అవుతుంది.

నేపథ్యం

ప్రాసెసరు ఒక గడియార సంకేతానికి అనుగుణంగా పనిచేస్తుంది. ఒకే సిలికాన్ పలకపై తయారైన చిప్పులన్నియు సమాన నాణ్యత కలిగి ఉండవు. తయారీదారులు వాటిని పరీక్షించి, వివిధ వేగాల పేర్లతో వర్గీకరించి అమ్ముతారు. అన్ని పరిస్థితులలోను, పలు సంవత్సరాల పాటు పనిచేయవలెను గనుక ముద్రించిన వేగానికి పైన కొంత వెసులుబాటు ఉంచుతారు. ఓవర్‌క్లాకింగ్ ఈ వెసులుబాటును వాడుకొనుటయే. ఒకే నమూనాకు చెందిన రెండు ప్రాసెసర్లు ఒకే వేగాన్ని అందుకుంటాయన్న హామీ లేదు.

చరిత్ర

1998లో విడుదలైన ఇంటెల్ సెలెరాన్ 300ఏ ఈ పద్ధతికి విశేష ప్రచారం తెచ్చింది. దీని అసలు వేగం 66 మెగాహెర్ట్‌జ్ బస్సుపై 4.5 రెట్లు, అనగా 300 మెగాహెర్ట్‌జ్. బస్సును 100 మెగాహెర్ట్‌జ్‌కు మార్చినచో ఇదే చిప్పు 450 మెగాహెర్ట్‌జ్ వేగంతో నడిచేది. 440బిఎక్స్ చిప్‌సెట్ గల ఎబిట్ బిహెచ్6 వంటి మదర్‌బోర్డులలో ఈ మార్పును జంపర్లు కదపకుండా బయోస్‌లోనే చేయగలిగేవారు.

తక్కువ వేగం గల చిప్పులపై ఎక్కువ వేగం ముద్రించి అమ్మే మోసాలను అరికట్టుటకు కూడా ఇంటెల్ గుణకాన్ని బంధించసాగింది. 2000 ప్రాంతంలో ఎఎమ్‌డి అథ్లాన్, డ్యూరాన్ చిప్పుల పైభాగాన ఉండే ఎల్1 వంతెనలను పెన్సిలు గీతతో కలిపి గుణకాన్ని విడిపించేవారు. పెన్సిలులోని గ్రాఫైట్ విద్యుద్వాహకం కావడమే దీనికి కారణం.

2001లో టామ్స్ హార్డ్‌వేర్ సంస్థ నడుస్తున్న ప్రాసెసర్ల పైనుండి హీట్‌సింక్ తొలగించి చూపించింది. పెంటియం 4 తన వేగాన్ని తగ్గించుకొని పనిచేస్తూనే ఉండగా, నాటి అథ్లాన్ క్షణాలలో కాలిపోయింది. ప్రాసెసరులోనే ఉష్ణ రక్షణ ఉండవలసిన అవసరాన్ని ఈ ప్రదర్శన అందరికీ తెలియజేసింది.

2007లో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ6600 మరొక ప్రసిద్ధ ఉదాహరణ. దీని వేగం 266 మెగాహెర్ట్‌జ్‌కు 9 రెట్లు, అనగా 2.4 గిగాహెర్ట్‌జ్. బస్సును 333కు పెంచిన 3 గిగాహెర్ట్‌జ్ వచ్చేది. 2011 నుండి ఇంటెల్ ప్రధాన శ్రేణిలో ఈ అవకాశం ఎక్కువగా కోర్ ఐ5-2500కె వంటి "కె" నమూనాలకు పరిమితమైంది.

వేగం పెంచు విధానం

ప్రాసెసరు వేగం మూల గడియారం, గుణకముల లబ్ధం. ఈ రెంటిలో దేనిని పెంచినను వేగం పెరుగును.

గుణకాన్ని పెంచినచో ప్రాసెసరు వేగం మాత్రమే మారుతుంది. మూల గడియారాన్ని పెంచినచో దానితో ముడిపడిన ఇతర భాగాల వేగం కూడా మారుతుంది. పాత బోర్డులలో 66 మెగాహెర్ట్‌జ్ బస్సును 83కు పెంచినపుడు, అందులో సగం వేగంతో నడిచే పిసిఐ మార్గం 33 నుండి 41కి పైగా చేరేది. దీనివలన కొన్ని హార్డ్ డిస్కులలో సమాచారం చెడిపోయేది.

వోల్టేజి, వేడి

వేగం పెరిగిన కొలది చిప్పులోని సంకేతాలు సకాలంలో మారుటకు ఎక్కువ వోల్టేజి అవసరమగును. ప్రాసెసరు వాడుకొనే విద్యుత్తు సుమారుగా వేగానికి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉదాహరణకు వేగాన్ని 25 శాతం పెంచి, వోల్టేజిని 1.2 నుండి 1.4కు పెంచినచో విద్యుత్ వినియోగం 1.25 × 1.36, అనగా దాదాపు 1.7 రెట్లు అగును. 100 వాట్ల ప్రాసెసరు 170 వాట్లు వాడుకొనును. వేగం పావు వంతు పెరిగితే వేడి 70 శాతం పెరిగినదన్నమాట.

వరంగల్ వేసవి ప్రభావం

దక్కను పీఠభూమిపై ఉన్న వరంగల్‌లో మే నెల పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కొన్ని రోజులలో 45 డిగ్రీలను సమీపిస్తుంది. కాంక్రీటు స్లాబు పగలు గ్రహించిన వేడిని రాత్రి వేళ విడుదల చేయుట వలన పై అంతస్తు గదులు పొద్దుపోయిన తరువాత కూడా వేడిగా ఉంటాయి.

గాలితో పనిచేసే ఏ కూలరు అయినను ప్రాసెసరును చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా చేయలేదు. ప్రతి వాటుకు 0.35 డిగ్రీల ఉష్ణ నిరోధం గల కూలరును ఉదాహరణగా తీసుకొనిన, దానికి అందే గాలిని బట్టి ప్రాసెసరు ఉష్ణోగ్రత ఈ విధంగా ఉండును.

* గాలి 25 డిగ్రీలు: 100 వాట్ల వద్ద 60, 170 వాట్ల వద్ద 84.5
* గాలి 35 డిగ్రీలు: 100 వాట్ల వద్ద 70, 170 వాట్ల వద్ద 94.5
* గాలి 45 డిగ్రీలు: 100 వాట్ల వద్ద 80, 170 వాట్ల వద్ద 104.5

అనేక ఆధునిక ప్రాసెసర్ల గరిష్ఠ పరిమితి 95 నుండి 100 డిగ్రీలు. ఈ పరిమితి చేరగానే ప్రాసెసరు తనంతట తానే వేగాన్ని తగ్గించుకుంటుంది. కనుక డిసెంబరులో సవ్యంగా నడిచిన అమరిక మే నెలలో విఫలం కావచ్చును, లేదా ఓవర్‌క్లాకింగ్ చేయని యంత్రం కంటే నెమ్మదిగా నడవవచ్చును. శీతాకాలంలో పరీక్షించువారు కనిపించిన ఉష్ణోగ్రతకు 15 నుండి 20 డిగ్రీలు కలిపి చూసుకొనవలెను. లేదా వేసవికి తక్కువ వేగంతో వేరొక అమరికను బయోస్‌లో భద్రపరచుకొనవలెను.

చల్లబరచు సాధనాలు

* థర్మల్ పేస్టు: ప్రాసెసరుకు, హీట్‌సింకుకు నడుమ ఉండే సూక్ష్మమైన ఖాళీలను నింపుతుంది. పలుచగా రాయవలెను. ఎండిపోయినచో పాతది తుడిచి కొత్తది రాయవలెను.
* ఫ్యాన్లు: ముందు నుండి చల్లని గాలిని లోనికి తీసుకొని, వెనుక, పై భాగాల నుండి వేడి గాలిని పంపివేయునట్లు అమర్చాలి. కేబినెట్టును గోడకు ఆనించి ఉంచరాదు.
* దుమ్ము: హీట్‌సింకు రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము గాలిని అడ్డుకుంటుంది. వేసవికి ముందు శుభ్రం చేయుట మేలు.
* నీటి శీతలీకరణ: వేడిని రేడియేటరుకు తరలిస్తుంది. ఇది కూడా గది ఉష్ణోగ్రతకు లోబడినదే.
* ఎయిర్ కూలరు: నీరు ఆవిరగుట ద్వారా గదిని చల్లబరచునది. దీని తడి గాలి, తుంపరలు నేరుగా కంప్యూటరుపై పడకుండా చూడవలెను.

రికార్డుల కొరకు ద్రవ నైట్రోజన్ (సున్నాకు దిగువన 196 డిగ్రీలు), ద్రవ హీలియం వాడతారు. 2011లో ఎఎమ్‌డి ఎఫ్‌ఎక్స్-8150 ద్రవ హీలియంతో 8.429 గిగాహెర్ట్‌జ్ చేరింది. 2022 డిసెంబరులో ఇంటెల్ కోర్ ఐ9-13900కె 9 గిగాహెర్ట్‌జ్ దాటింది. ఇవి కొద్ది సమయం నిలిచే ప్రదర్శనలు మాత్రమే.

భాగాల పొంతన

* మదర్‌బోర్డు: సాకెట్టు సరిపోయినంత మాత్రాన ఓవర్‌క్లాకింగ్ సాధ్యం కాదు. ఇంటెల్ "కె" ప్రాసెసర్ల గుణకం పెంచుటకు సాధారణంగా "జెడ్" తరగతి చిప్‌సెట్ ఉండవలెను. ఎఎమ్‌డి రైజెన్ ప్రాసెసర్లలో అధిక భాగం గుణక బంధం లేనివి. "బి", "ఎక్స్" తరగతి చిప్‌సెట్లు ఇందుకు అనుమతిస్తాయి, "ఎ" తరగతివి అనుమతించవు. ప్రాసెసరుకు విద్యుత్తు అందించే వలయాలపై హీట్‌సింకులు ఉన్న బోర్డు మేలు.
* మెమరీ: ప్రామాణిక వోల్టేజి డిడిఆర్2కు 1.8, డిడిఆర్3కు 1.5, డిడిఆర్4కు 1.2, డిడిఆర్5కు 1.1. ఒక తరానికి చెందిన మెమరీ మరొక తరం స్లాటులో పట్టదు. వేర్వేరు కంపెనీల మెమరీ కలిపి వాడినపుడు అధిక వేగం వద్ద అస్థిరత రావచ్చును.
* ఎస్‌ఎమ్‌పిఎస్: చవక రకాలపై ముద్రించిన వాటేజీ నిరంతరంగా అందుతుందని భావించరాదు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా 12 వోల్టుల తీగలపై ఆధారపడును గనుక ఆ తీగల సామర్థ్యమే ముఖ్యం.
* యుపిఎస్: పవరు ఫ్యాక్టరును సరిదిద్దే వలయం గల కొన్ని ఎస్‌ఎమ్‌పిఎస్‌లు, శుద్ధ సైన్ తరంగం ఇవ్వని యుపిఎస్‌తో సరిగా పనిచేయవు. అట్టి సందర్భంలో కరెంటు పోగానే కంప్యూటరు ఆగిపోవచ్చును.

స్థిరత్వ పరీక్ష

వేగాన్ని ఒకేసారి కాక కొద్దికొద్దిగా పెంచి, ప్రతిసారి పరీక్షించవలెను. ప్రాసెసరుకు ప్రైమ్95, మెమరీకి మెమ్‌టెస్ట్86, వేగాలు చూచుటకు సిపియు-జెడ్ ప్రసిద్ధమైనవి. విండోస్ మొదలగుట స్థిరత్వానికి నిదర్శనం కాదు. కొన్ని గంటల పూర్తి భారం తట్టుకొనవలెను. పరీక్షకు ముందు ముఖ్యమైన ఫైళ్ళను వేరొక చోట భద్రపరచాలి. కంప్యూటరు మొదలు కానిచో సీమాస్ జంపరు ద్వారా బయోస్‌ను తొలి స్థితికి తేవచ్చును.

నష్టాలు

అధిక వోల్టేజి, అధిక ఉష్ణోగ్రత చిప్పు ఆయుష్షును తగ్గిస్తాయి. ఈ క్షీణత తిరిగి సరిచేయ వీలుకానిది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో తలెత్తిన అస్థిరతకు ప్రాసెసరు అవసరాన్ని మించి వోల్టేజి కోరుట ఒక కారణమని ఆ సంస్థ ప్రకటించి, మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఓవర్‌క్లాకింగ్ వలన కలిగిన నష్టం సాధారణంగా వారంటీ పరిధిలోకి రాదు.

ప్రస్తుత స్థితి

2008లో కోర్ ఐ7తో వచ్చిన టర్బో బూస్ట్ తరువాత ప్రాసెసర్లు ఉష్ణోగ్రత, విద్యుత్తు అనుమతించినంత మేర తమ వేగాన్ని తామే పెంచుకొనసాగాయి. అందువలన చేతితో పెంచుటకు మిగిలే వెసులుబాటు తగ్గింది. దీనికి బదులుగా వేగం తగ్గించకుండా వోల్టేజిని మాత్రమే తగ్గించే అండర్‌వోల్టింగ్ వ్యాప్తిలోకి వచ్చింది. వేడి తగ్గుట వలన ప్రాసెసరు తన అధిక వేగాన్ని ఎక్కువసేపు నిలుపుకొనగలదు. దీర్ఘమైన వేసవి గల ప్రాంతాలకు ఈ పద్ధతి మరింత అనువైనది.

ఇవి కూడా చూడండి

* మైక్రోప్రాసెసరు
* మదర్‌బోర్డు
* వరంగల్