షరీఅత్, ఫత్వా, ఖాజీ తీర్పు, ప్రభుత్వ చట్టం

అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో.

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు కలుగుగాక!



కొంతకాలం క్రితం ఒక పెద్దమనిషి కాగితాల కట్టతో మస్జిద్‌కు వచ్చారు. తండ్రి వదలివెళ్లిన ఇంటిలో తన వాటా కోసం చెల్లెలు వేసిన దావాను, కాలపరిమితి దాటిపోయిందన్న కారణంతో కోర్టు కొట్టివేసింది. "హజ్రత్, కోర్టే నాదని చెప్పింది కదా, ఇక ఆ ఇల్లు నాకు హలాలే కదా?" అని ఆయన ప్రశ్న. ఆ రోజుల్లోనే ఒక సోదరి వచ్చి, భర్త భార్యకు ఖర్చు ఇవ్వవలసిందేనన్న ఫత్వాను చూపించి, "దీనితో నా భర్త దగ్గర వసూలు చేసి ఇప్పించండి" అని అడిగింది. ఆయన కోర్టు తీర్పును షరీఅత్ అనుకున్నారు. ఆమె ఫత్వాను కోర్టు తీర్పు అనుకున్నది. ఇద్దరూ చదువుకున్నవారే. అందుకే నేటి ప్రసంగంలో ఈ మాటలు ఒకదానితో ఒకటి ఎలా కలగలిసిపోయాయో చరిత్ర క్రమంలో చెప్పదలచాను.

షరీఅత్ అంటే అల్లాహ్, ఆయన ప్రవక్త (స) చూపిన మార్గం. దానిని అర్థం చేసుకోవడానికి విద్వాంసులు చేసిన మానవ కృషి ఫిఖ్‌హ్. షరీఅత్‌లో పొరపాటుకు తావు లేదు. ఫిఖ్‌హ్‌లో ఉంది. కనుకనే నాలుగు మజ్‌హబ్‌లు ఏర్పడ్డాయి, నాలుగూ గౌరవనీయమైనాయి. ముఫ్తీ అడిగినవానికి ధర్మం చెబుతాడు, అది ఫత్వా. అతడు సాక్షులను పిలువడు, ఎదుటి పక్షం వాదన వినడు, ఎవరినీ నిర్బంధించడు. ఇరుపక్షాలను కూర్చోబెట్టి, సాక్ష్యం విని తేల్చేవాడు ఖాజీ. అతని మాట ఆ వివాదంలోని వారిపై అమలవుతుంది. ఇక పాలకుడు, నేటి భాషలో శాసనసభ, అందరికీ కలిపి రాసి ప్రకటించేది చట్టం.

ఖాజీ తీర్పు స్వభావం తెలియాలంటే హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటి ఒక వారసత్వ వివాదం చూడండి. ఒక స్త్రీ మరణించింది. భర్త, తల్లి, తల్లి తరఫు సోదరులు ఇద్దరు, సొంత తల్లిదండ్రులకు పుట్టిన సోదరులు మిగిలారు. దివ్య ఖురాన్ నిర్ణయించిన వాటాల ప్రకారం భర్తకు సగం, తల్లికి ఆరో వంతు, తల్లి తరఫు సోదరులకు మూడో వంతు. కూడితే ఆస్తి అంతటితో సరి. సొంత సోదరులకు మిగిలింది సున్నా. ఉమర్ (రజి) మొదట అలాగే తీర్పు ఇచ్చారు. తరువాత అటువంటి వివాదమే మళ్లీ వచ్చినప్పుడు సొంత సోదరులు, తమ తండ్రిని గాడిద అనుకొని పక్కన పెట్టినా తాము కూడా ఆ తల్లి బిడ్డలమే కదా అని వాదించారు. అప్పుడు ఆయన వారిని కూడా ఆ మూడో వంతులో భాగస్వాములను చేశారు. నిరుడు వేరుగా చెప్పారు కదా అని గుర్తు చేస్తే, అది అప్పటి తీర్పు, ఇది ఇప్పటి తీర్పు అన్నారు. పాత తీర్పును తిరగదోడలేదు, దానికి కట్టుబడి కొత్త వివాదాన్ని తేల్చనూ లేదు. నేటికీ హనఫీలు ఆయన మొదటి అభిప్రాయాన్ని, మాలికీలు, షాఫిఈలు రెండవ దానిని అనుసరిస్తారు.

ఆంగ్లేయుల విధానం దీనికి భిన్నం. వారి దేశంలో పై కోర్టు ఒకసారి చెప్పినది కింది కోర్టులన్నిటికీ శాసనం. ఒక న్యాయమూర్తి పొరపడితే ఆ పొరపాటు కూడా తరువాతి వారిని బంధిస్తుంది. ఈ రెండు పద్ధతులు మన దేశంలో ఒకదానికొకటి ఎదురయ్యాయి.

1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో కోర్టులను ఏర్పాటు చేస్తూ వారసత్వం, వివాహం వంటి విషయాలలో ముస్లింలకు ఖురాన్ నియమాలు, హిందువులకు శాస్త్రాలు వర్తిస్తాయని నిర్ణయించాడు. ఆంగ్ల న్యాయాధికారికి అరబీ రాదు కనుక పక్కన ఒక మౌల్వీ కూర్చునేవాడు. కాని మౌల్వీని పూర్తిగా నమ్మడం వారికి ఇష్టం లేదు. చేతిలో ఒక పుస్తకం కావాలి. అలా 1791లో చార్లెస్ హామిల్టన్ ఇమామ్ మర్గీనానీ (రహ్మ) రచించిన హిదాయాను ఆంగ్లంలోకి తెచ్చాడు. అది కూడా మూలమైన అరబీ నుంచి కాదు, పారసీ అనువాదం నుంచి. నమాజు, ఉపవాసం, హజ్ అధ్యాయాలు అందులో లేవు. కోర్టుకు వాటితో పని లేదు కదా! మరుసటి ఏడాది విలియం జోన్స్ వారసత్వ గ్రంథమైన సిరాజియాను అనువదించాడు.

మదర్సాలో హిదాయా చదివే రోజుల్లో మా ఉస్తాద్ ప్రతి మస్అలా దగ్గర ఆగి, ఇమామ్ అబూ హనీఫా ఏమన్నారు, వారి శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఎక్కడ విభేదించారు, ఇమామ్ షాఫిఈ దలీల్ ఏమిటి అని మమ్మల్ని అడిగేవారు. ఆ గ్రంథం వాదోపవాదాల గ్రంథం. ఆంగ్లేయ న్యాయమూర్తి చేతిలో అది సెక్షన్ల పుస్తకమైపోయింది. ఫిఖ్‌హ్‌కు జరిగిన పెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం.

1862 నుంచి శిక్షాస్మృతి అమలులోకి రాగా ఇస్లామీ నేరన్యాయం తొలగిపోయింది. 1864లో కోర్టు మౌల్వీల, పండితుల పదవులు రద్దయ్యాయి. 1880 నాటి ఖాజీల చట్టం మొదట మద్రాసు రాజధానికి, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా, వర్తించింది. అయితే ఆ చట్టం ఖాజీకి న్యాయాధికారం ఏదీ ఇవ్వలేదు. మన ఊళ్లలో ఖాజీ సాబ్ అంటే నికాహ్ రిజిస్టరు రాసే పెద్దగా మాత్రమే తెలియడానికి నేపథ్యం ఇది.

ఫలితం వక్ఫ్ విషయంలో బయటపడింది. సంతానం కోసం వక్ఫ్ చేసి, వంశం అంతరించాక పేదలకు చెందేలా రాయడం ఫుఖహాలు అంగీకరించిన పద్ధతి. 1894లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అబుల్ ఫతా కేసులో, పేదలకు దక్కేది నామమాత్రమే కనుక అటువంటి వక్ఫ్ చెల్లదని తేల్చింది. అంతకు రెండేళ్ల ముందే కలకత్తా హైకోర్టులో జస్టిస్ అమీర్ అలీ, తన వారిని పోషించడం కూడా ఇస్లాంలో సదఖాయే అని భిన్నాభిప్రాయం రాశారు. ఫలించలేదు. ఒక్క తీర్పు దేశమంతటి కోర్టులను బంధించింది. దానిని తొలగించడానికి మరో తీర్పు చాలలేదు, శాసనమే కావలసి వచ్చింది. మౌలానా షిబ్లీ నూమానీ వంటి వారు ఉద్యమించగా, ముహమ్మద్ అలీ జిన్నా ప్రతిపాదించిన బిల్లు 1913లో చట్టమైంది. అంతకు ముందు చేసిన వక్ఫ్‌లకు కూడా అది వర్తించాలంటే 1930 దాకా ఆగవలసి వచ్చింది.

శాసనం మేలు చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి, అది చెప్పకపోతే అన్యాయం. అనేక ప్రాంతాలలో ముస్లింలే ఆచారం పేరుతో ఆడపిల్లలకు ఆస్తి ఇచ్చేవారు కాదు. కోర్టులు ఆ ఆచారాన్ని సమర్థించేవి. సూరా నిసా స్పష్టంగా చెప్పిన వాటా ఆచారం కింద అణగిపోయింది. 1937 షరీఅత్ చట్టం ఆ ఆచారాన్ని తోసిపుచ్చింది. అయితే వ్యవసాయ భూమిని మినహాయించింది. భూమి మినహాయిస్తే పల్లెటూరి ఆడపడుచుకు మిగిలేదేమిటి? ఉమ్మడి మద్రాసులో 1949 సవరణ ఆ మినహాయింపును తీసివేసింది. అప్పటి ఆంధ్ర జిల్లాలు అందులోనివే. 1939లో వచ్చిన వివాహ రద్దు చట్టం మాలికీ మజ్‌హబ్ నుంచి తీసుకున్నది. భర్త జాడ తెలియని స్త్రీ హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం దాదాపు జీవితకాలం ఎదురుచూడవలసి వచ్చేది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) వంటి హనఫీ పెద్దలే మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించవచ్చని ఫత్వా ఇచ్చి దారి చూపారు. నాలుగేళ్లు జాడ లేకపోయినా, రెండేళ్లు పోషణ ఇవ్వకపోయినా ఆమె కోర్టును ఆశ్రయించవచ్చు.

ఫత్వాకు చట్టబలం లేదని, దారుల్ ఖజా న్యాయస్థానం కాదని సుప్రీంకోర్టు 2014లో చెప్పినప్పుడు కొందరు బాధపడ్డారు. ఫత్వాకు నిర్బంధ బలం లేదన్న మాట ముఫ్తీలకు కొత్త కాదు. ఆ సోదరికి కూడా నేను అదే చెప్పాను: ఫత్వా నీ హక్కును తెలిపింది, వసూలు చేసే అధికారం కోర్టుది. వకీలు దగ్గరకు వెళ్లడం షరీఅత్‌ను ధిక్కరించడం కాదమ్మా.

ఇక ఆ పెద్దమనిషి. ఆయనకు ఉమ్మె సల్మా (రజి) ఉల్లేఖించిన హదీసు వినిపించాను. పాతబడిన వారసత్వ ఆస్తి విషయంలో ఇద్దరు వ్యక్తులు సాక్ష్యం లేకుండా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. తాను కూడా మనిషినేనని, ఒకరు మరొకరికంటే చక్కగా వాదించవచ్చునని, తాను విన్నదానిని బట్టే తీర్పు చెబుతానని, అలా సోదరుని హక్కు ఎవరికైనా దక్కితే దానిని అగ్నిఖండంగా భావించి తీసుకోవద్దని ప్రవక్త (స) హెచ్చరించారు. ఇద్దరూ ఏడ్చారు. నా హక్కు నీదేనని ఒకరితో ఒకరు అన్నారు. న్యాయంగా పంచుకొని, చీట్లు వేసుకొని, ఒకరినొకరు క్షమించుకోండని ఆయన (స) సెలవిచ్చారు. స్వయంగా దైవప్రవక్త (స) ఇచ్చిన తీర్పే హరామును హలాలు చేయనప్పుడు, కాలపరిమితి దాటిందన్న ఒక ఉత్తర్వు ఎలా చేస్తుంది? కోర్టు ఆ ఇల్లు ఆయనదని కాదు, చెల్లెలు ఆలస్యంగా వచ్చిందని మాత్రమే చెప్పింది.

ఆయన చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. తరువాత వారసుల లెక్క అడిగారు. తల్లి అంతకు ముందే మరణించింది, అన్నదమ్ములు ఇద్దరు, చెల్లెలు ఒక్కతె. ఇల్లు అయిదు భాగాలు, అన్నదమ్ములకు రెండేసి, చెల్లెలికి ఒకటి. కాగితం మీద రాసి ఇచ్చాను.

ఇటువంటి లెక్క కావలసినవారు మరణించిన తేదీ, ఆ రోజున జీవించి ఉన్న వారసుల పేర్లు, అప్పులు, వసీయత్ వివరాలు రాసుకొని అస్ర్ నమాజు తరువాత రండి. ఆడపడుచుల పేర్లు కూడా తప్పక రాయండి.