తాత రివాల్వర్, నాన్న ప్రశ్న: ఒక లైసెన్సు, మూడు జిల్లాలు

ఈ ఎపిసోడ్ టాపిక్ నేను వెతుక్కున్నది కాదు. మా నాన్న ఫోన్ చేసి మరీ ఇచ్చాడు.

"ఒరే, తాత రివాల్వర్ ఇంక పని సెయ్యదురా. కొత్తదొకటి కొందామనుకుంటన్నాను. పది కాలాలు నిలబడేది ఏదో సూసి సెప్పు. నువ్వు ఇంజినీరువి గదా."

నేను చదివింది మెకానికల్ బీటెక్, నాలుగేళ్లు చేసింది సాఫ్ట్‌వేర్, ఇప్పుడు చేస్తున్నది వీడియోలు. మా నాన్న దృష్టిలో మాత్రం మోటారు పంపు దగ్గర్నుంచి రివాల్వర్ దాకా అన్నీ నా డిపార్ట్‌మెంటే. సరే, చూస్తానన్నాను. చూస్తూ చూస్తూ 1851 దాకా వెళ్లిపోయాను. అక్కణ్నుంచి తిరిగి మా ఊరికొచ్చేసరికి ప్రశ్నే మారిపోయింది. ఆ ప్రయాణమే ఈ ఎపిసోడ్.

ముందు మా ఇంటి వస్తువు గురించి చెప్తాను. మాది పార్వతీపురం దగ్గర ఒక పల్లె. తాత 1969లో లైసెన్సు తీసుకుని, ఇంగ్లండులో తయారైన ఒక .32 రివాల్వర్ కొన్నాడు. సెకండ్ హ్యాండే. అప్పుడు మా ఊరు శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది, ఫైలు విజయనగరం కలెక్టరేటుకి మారింది. తాత పోయాక లైసెన్సు నాన్న పేరు మీదకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, ఫైలు మళ్లీ మారింది. ఇల్లు ఉన్నచోటే ఉంది, తుపాకీ ఉన్న బీరువా ఉన్నచోటే ఉంది, కాయితం మాత్రం మూడు జిల్లాలు తిరిగింది.

ఇప్పుడు మెషీన్ సంగతి. సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగాలి, తర్వాత ట్రిగ్గర్ నొక్కాలి. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. నొక్కుతుంటే హ్యామర్ లేస్తుంది, సిలిండర్ తిరిగి కొత్త తూటా బ్యారెల్‌కి ఎదురుగా వస్తుంది, చివర్లో హ్యామర్ పడుతుంది. అందుకే ఆ ట్రిగ్గర్ బరువుగా, పొడుగ్గా కదులుతుంది. ఈ బరువు సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఇద్దరు పోటీపడ్డారు. అమెరికా నుంచి శామ్యూల్ కోల్ట్ సింగిల్ యాక్షన్ తెచ్చాడు, ఇంగ్లండు నుంచి రాబర్ట్ ఆడమ్స్ ట్రిగ్గర్‌తోనే అంతా జరిగే రివాల్వర్ పెట్టాడు. ఆడమ్స్ ఫ్రేమ్, బ్యారెల్ ఒకే ముక్కగా ఉండేవి. అంటే గట్టితనం గురించి చర్చ మా నాన్నతో మొదలవలేదు, అప్పుడే ఉంది. 1856లో బ్యూమాంట్ అనే అధికారి దాన్ని మార్చి రెండు రకాలుగానూ పేల్చేలా చేశాడు. నేడు మనం డబుల్ యాక్షన్ అని పిలిచేదానికి మూలం అదే.

తర్వాత 1887లో బ్రిటిష్ సైన్యం వెబ్లీ రివాల్వర్ తీసుకుంది. ఇది మధ్యలో మడత పడుతుంది. పైన గొళ్లెం తీస్తే బ్యారెల్ ముందుకి వంగుతుంది, ఖాళీ తూటాలు ఆరూ ఒక్కసారే బయటికి ఎగురుతాయి. నింపడం చాలా ఫాస్ట్. కానీ ప్రతి పేలుడు దెబ్బా ఆ కీలు మీదా, ఆ గొళ్లెం మీదా పడుతుంది. ఏళ్ల తరబడి వాడితే అక్కడ ఆట వస్తుంది. ఇంట్లో తలుపు కీలు వదులైతే గొళ్లెం సరిగ్గా పడదు చూడండి, అదే కథ.

దీనికి ఇంకో దారి ఉంది. ఫ్రేమ్ మడత పడకుండా, సిలిండర్ ఒక్కటే పక్కకి తెరుచుకోవడం. 1889లో కోల్ట్ కంపెనీ అమెరికా నౌకాదళానికి ఇలాంటిది ఇచ్చింది. 1896లో స్మిత్ అండ్ వెస్సన్ తన మొదటి పక్కకి తెరుచుకునే రివాల్వర్ తెచ్చింది. దానికోసం తయారుచేసిన తూటాయే .32 లాంగ్.

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది. మన దగ్గర .38, .455, 9 ఎంఎం లాంటి సైన్యం, పోలీసు వాడే సైజులు మామూలు పౌరులకి నిషిద్ధం. పౌరులకి ఎక్కువగా మిగిలింది .32. కాన్పూరు ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మనవాళ్ల కోసం చేసిన .32 రివాల్వర్ వెబ్లీ నమూనాలోనే, మధ్యలో మడత పడేదే. అంటే పక్కకి తెరుచుకునే రివాల్వర్ కోసం పుట్టిన తూటాని మనం దశాబ్దాలపాటు మడత రివాల్వర్‌లో పెట్టి వాడుకున్నాం. 1980ల మధ్య నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి కూడా ఆగిపోయింది కాబట్టి వేరే దారి లేదు. పాత విదేశీవి చేతులు మారుతూ రేటు పెరుగుతూ పోయాయి.

2014లో నిర్భీక్ వచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత మహిళల కోసమని చెప్పి తెచ్చిన రివాల్వర్. టైటానియం మిశ్రమంతో దాదాపు 500 గ్రాములు, అప్పటి ధర సుమారు 1.22 లక్షలు. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ కంపెనీలు ఏర్పడ్డాయి. వాటిలో కాన్పూరులో ఉన్న ఒక కంపెనీ 2023 ఆగస్టులో ప్రబల్ అనే రివాల్వర్ తెచ్చింది. తూటాలు లేకుండా 700 గ్రాములు, 50 మీటర్ల రేంజి, సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. మన దేశంలో తయారైనవాటిలో ఇలాంటిది ఇదే మొదటిదని ప్రకటించారు. 1889 నుంచి లెక్కేస్తే 134 ఏళ్లు.

సో, నాన్న అడిగిన ప్రశ్నకి ఇంజినీరు జవాబు సింపుల్. మడత పడేదానికంటే మడత పడని ఫ్రేమ్ ఎక్కువ కాలం ఆగుతుంది. ప్రబల్ కొను నాన్నా. ఎపిసోడ్ అయిపోయింది.

కానీ ఊరెళ్లి తాత రివాల్వర్ చేతిలోకి తీసుకుని చూస్తే నాకొక డౌట్ వచ్చింది. నాన్న దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్లో అప్పజెప్పడం, కోడ్ అయిపోయాక తెచ్చుకోవడం, అంతే. మరి పేల్చని తుపాకీ ఎలా అరిగింది?

రెండు కారణాలు. ఒకటి, తోలు సంచి. తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది, మన వానలకి లోపల ఇనుము తుప్పు పడుతుంది. రెండోది అమ్మ చెప్పింది. "మీ తాత రోజూ రాత్రి దాన్ని తెరిసి, తూటాలు లెక్కెట్టి, టక్కున మూసీవోడు. అలా సేస్తేగానీ నిద్దరొచ్చీది కాదు."

అరిగింది పేల్చి కాదండీ, భయంతో. నలభై ఏళ్లకి పైగా రోజూ రాత్రి భయంతో తెరిచి మూయడం వల్ల.

ఆ భయం ఎక్కణ్నుంచి వచ్చింది? 1967 అక్టోబర్ 31న మొండెంఖల్‌లో గిరిజన మహాసభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. నిందితులు తర్వాత కోర్టులో విడుదలయ్యారు. 1968 నవంబర్ 25న పెదగొట్టిలిలో ఒక భూస్వామి ఇంటి మీద గిరిజనులు దాడి చేశారు, అప్పుపత్రాలు, ధాన్యం తీసుకెళ్లారు. 1969లో ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. 1970 జులై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం బోరి కొండల్లో చనిపోయారు. ఇద్దరూ టీచర్లే.

ఇవన్నీ మనం పుస్తకాల్లో ఉద్యమం వైపు నుంచో, పోలీసుల వైపు నుంచో చదువుతాం. మా తాత ఈ రెండింటికీ మధ్యలో ఇరవై ఎకరాల రైతు. అప్పులిచ్చినవాడు, కంబారుల్ని పెట్టుకున్నవాడు. ఆయన తుపాకీ కొన్నది దొంగల కోసం కాదు. తన పొలంలో పనిచేసేవాళ్ల కోసం. ఈ మాట చెప్పడం నాకు తేలిక కాదు, కానీ చరిత్ర చెప్తూ మన ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతే ఎలా?

తాత పోయినప్పుడు పెద్దకర్మకి ఒకావిడ వచ్చింది. మా ఇంట్లో పనిచేసిన కంబారి కూతురు, ఇప్పుడు ఆమెకీ మనవలున్నారు. అరుగు మీద కూర్చుని ఇదంతా నాకు చెప్పింది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక వానరాత్రి తేలు కుట్టింది. వాళ్ల నాన్న బండి అడగడానికి అర్ధరాత్రి వచ్చి మా తలుపు కొట్టాడు. తాత దీపం లేకుండానే తలుపు తీసి రివాల్వర్ ఎత్తాడు. "ట్రిగ్గర్ నొక్కేసినారు బాబూ. ఆ సుత్తి లాటిది సగం లేవడం మా అయ్య సూసినాడు. బాబూ నేనండీ అన్నాడు. ఆపీసినారు."

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ బరువుగా, పొడుగ్గా కదులుతుందని. ఆ ఒక్క క్షణం ఆలస్యం ఒక మనిషిని బతికించింది. హ్యామర్ ముందే లాగి ఉంటే కథ వేరు. ఆ రాత్రే తాత బండి కట్టించి పంపాడు, ఆ పిల్ల బతికింది. తాత ఈ సంగతి జన్మలో ఎవరికీ చెప్పలేదు. నాన్నకీ తెలీదు.

ఈసారి నాన్నకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మరి ఇప్పుడు ఏనుగులొస్తన్నాయి గదరా" అన్నాడు. నిజమే, 2018 నుంచి ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపు మా మన్యంలో తిరుగుతోంది. కానీ .32 తూటా ఏనుగుని ఆపదు, కోపం తెప్పిస్తుంది. పైగా కాలిస్తే జైలు. "మరి దొంగలో?" అన్నాడు. రివాల్వర్ బీరువాలో, బీరువా తాళం అమ్మ దగ్గర, అమ్మ నిద్రలో. దొంగ అంతసేపు ఆగుతాడా?

మన విజయనగరం చరిత్రే చూడండి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదకి బుస్సీ ఫిరంగులతో వెళ్లిన విజయరామరాజు దగ్గర అప్పటికి ఈ ప్రాంతంలో అందరికంటే ఎక్కువ ఆయుధబలం ఉంది. కోట కూలింది. కొన్ని రోజుల్లోనే తన శిబిరంలో, తన గుడారంలోనే తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. అది కూడా కత్తిపోట్లతో. చుట్టూ ఫ్రెంచి సైన్యం ఉంది. ఆయన్ని చంపింది ఆయుధాలు తక్కువవడం కాదు, అంతకుముందు జరిగింది.

చివరికి నాన్నే అన్నాడు. "లైసెన్సు ఒగ్గేస్తే మళ్లీ రాదురా. తాత పేరు అందులో ఉంది." అసలు కష్టం అక్కడుందండీ. అది ఆయుధం కాదు ఆయనకి, తండ్రి. నేను వాదించలేదు. తాత రివాల్వర్ స్టేషన్లో డిపాజిట్ చేశాడు. కొత్తది కొనడం లేదు. లైసెన్సు రెన్యూవల్ గడువు వచ్చినప్పుడు ఏం చేస్తాడో ఆయన ఇష్టం.

కొన్నది మాత్రం ఒకటుంది. గుమ్మం ముందు ఒక పెద్ద లైటు, తలుపుకి కాలింగ్ బెల్లు. రాత్రి ఎవరైనా వస్తే ముందు మొహం కనిపించాలి కదా. ఫిట్ చేసిందెవరో తెలుసా? ఆ తేలు కుట్టిన అమ్మ మనవడు. పార్వతీపురంలో ఎలక్ట్రీషియన్.

మీ ఇళ్లల్లో కూడా ఇలా బీరువాలో దాచిన వస్తువులేవో ఉంటాయి. ఎందుకు కొన్నారో ఒకసారి అడగండి, అడిగే మనుషులు ఉండగానే. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.