వైకల్యంతో తిరిగొచ్చిన సైనికులు: చిత్తూరు, తిరుపతి ప్రాంతం

సైన్యంలో ఉండగా గాయం వల్లనో జబ్బు వల్లనో శాశ్వత వైకల్యం కలిగి, కొలువు వదిలి ఇంటికి చేరినవారికి కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక పింఛను, వైద్య సౌకర్యం ఇస్తుంది. 2022 ఏప్రిల్ 4న పునర్విభజన జరిగిన పాత చిత్తూరు జిల్లా పల్లెల్లో ఇలాంటివారిని ‘మిలిట్రీ ఆయన’ అనే పిలుస్తారు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించిన లాన్స్ నాయక్ సాయితేజది ఈ జిల్లాలోని ఎగువరేగడే. అమరుడైన సైనికుణ్ణి ఊరు మరిచిపోదు. కాలో చెయ్యో పోగొట్టుకొని ప్రాణాలతో వచ్చినవాడు మాత్రం ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లు ఆసుపత్రుల చుట్టూ, కాగితాల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు.

వైకల్యం యుద్ధంలోనే కలగాలని లేదు. 1987–90లో శ్రీలంక వెళ్లిన శాంతి సేనలో మందుపాతరలకు కాళ్లు పోయినవారున్నారు. 1999 కార్గిల్ పోరులో గాయపడినవారున్నారు. సియాచిన్ మంచుకు వేళ్లు కోల్పోయినవారు, ఫిరంగుల మోతకు చెవుడు వచ్చినవారు, శిక్షణలో వెన్ను దెబ్బతిన్నవారు, మనసు చెదిరినవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

పింఛను

ఈ పింఛనులో రెండు భాగాలుంటాయి: సర్వీసుకు ఇచ్చేది ఒకటి, వైకల్యానికి ఇచ్చేది ఒకటి. వైకల్య భాగం రావాలంటే సాధారణంగా కనీసం 20 శాతం వైకల్యం ఉండాలి. అంతకన్నా ముఖ్యం మెడికల్ బోర్డు రాసే ఒక్క మాట. ఆ జబ్బు సైనిక సేవ వల్ల వచ్చిందా, సేవ వల్ల ముదిరిందా, రెండూ కాదా? ‘రెండూ కాదు’ అని రాస్తే వైకల్య భాగం ఆగిపోతుంది. దేశంలో ఈ విషయంపై నడిచిన దావాల్లో చాలావాటికి మూలం ఆ మాటే.

ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడి కేసులో 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆ మాట మీదే తీర్పు చెప్పింది. 1985లో చేరేటప్పుడు ఆయన ఆరోగ్యంగా ఉన్నాడని సైన్యమే పరీక్షించి తీసుకుంది. 1994లో మూర్ఛ జబ్బు ఉందని ఇంటికి పంపింది. చేరేనాటి రికార్డులో ఆ జబ్బు ప్రస్తావన లేనప్పుడు అది సేవలో వచ్చిందనే భావించాలి, కాదని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిదని కోర్టు తేల్చింది. సైనికుడి పక్షాన ఇంతకన్నా న్యాయమైన సూత్రం మరొకటి లేదు.

రెండో మేలు శాతాల లెక్కలో జరిగింది. 50 లోపు వైకల్యాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉంటే 75గా, అంతకు మించితే 100గా లెక్కిస్తారు. చివరి జీతం 50,000 రూపాయలు అనుకుందాం. పూర్తి వైకల్యానికి అందులో 30 శాతం, అంటే 15,000 వస్తుంది. 20 శాతానికి 3,000 మాత్రమే. దాన్నే 50గా లెక్కిస్తే 7,500. మొదట సైన్యం మధ్యలో ఇంటికి పంపినవారికే ఈ వెసులుబాటు ఉండేది. రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సర్వీసు పూర్తిచేసి వచ్చినవారికీ అందింది. యుద్ధ గాయాలకు రేటు ఇంకా ఎక్కువ.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు అమలయ్యాయి. వైకల్యం ఉన్నా సర్వీసు పూర్తిచేసినవారికి ఇచ్చేదానికి ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అని వేరే పేరు పెట్టారు. రక్తపోటు, మధుమేహం వంటి జబ్బులపై పరిశీలన కఠినమైంది. అంతకుముందు కొలువు వదిలినవారికి ఇవి వర్తించవు.

బోర్డు నిర్ణయం మీద రెండు అప్పీళ్లు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. ఆంధ్రప్రదేశ్ దాని చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. చిత్తూరు నుంచి అది 150 కిలోమీటర్ల దూరం. వెన్ను విరిగినవాడికి ఆ ప్రయాణమే ఒక శిక్ష.

వైద్యం

2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్ఎస్ పథకం కింద మాజీ సైనికులు ముందు పాలిక్లినిక్‌కు వెళ్లాలి. అక్కడ రాసిచ్చిన రెఫరల్‌తో గుర్తింపు పొందిన ఆసుపత్రిలో డబ్బు కట్టకుండా చికిత్స పొందవచ్చు. ప్రాణాపాయ స్థితిలో రెఫరల్ లేకుండానే చేరవచ్చు.

వైకల్య చికిత్సలో ఈ ప్రాంతానికి ఉన్న బలం తక్కువది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో స్థాపించిన బర్డ్ ఆసుపత్రి ఎముకల శస్త్రచికిత్సలకు, కృత్రిమ అవయవాలకు పేరు పొందింది. పోలియో పిల్లల కాళ్లు సరిచేసిన అనుభవం దాని వెనక ఉంది. అది ఉన్న తిరుపతిలోనే రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరుకు గంట ప్రయాణంలో వేలూరు సీఎంసీ. కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడినా చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ కృషితో అక్కడ 1966లో పునరావాస కేంద్రం ఏర్పడింది. వెన్నుపూస దెబ్బతిన్నవారికి దక్షిణాదిలో అదొక ఆసరా.

సైన్యం సొంత కేంద్రాలు మాత్రం దూరం. 1944 నాటి కృత్రిమ అవయవ కేంద్రం పుణేలో ఉంది. చక్రాల కుర్చీకి పరిమితమైన సైనికుల పునరావాస కేంద్రం కూడా అక్కడి ఖడ్కీలోనే ఉంది. కృత్రిమ కాలు ఒకసారి పెట్టుకుంటే సరిపోయేది కాదు. తెగిన కాలి మొండి భాగం సన్నబడుతుంది, తొడుగు వదులవుతుంది, పుండు పడుతుంది. వేరుశనగ చేలో, మామిడి తోట గట్ల మీద నడిచే కాలు పట్నంలో నడిచే కాలు కన్నా ముందే అరుగుతుంది. దానికి మరమ్మతు తిరుపతిలోనే జరగాలి. పాలిక్లినిక్ నుంచి నేరుగా స్థానిక పునరావాస కేంద్రానికి దారి వేయడం, ట్రిబ్యునల్ విచారణలకు ఇంటి నుంచే హాజరయ్యే వీలు కల్పించడం పెద్ద ఖర్చు లేని మార్పులు.

ఇలాంటివారు మీ ఇంట్లోనో ఊళ్లోనో ఉంటే డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు ప్రతి, పింఛను ఉత్తర్వు తీసుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడుగా వెళ్లండి. ఏళ్లు గడిచాయని వెనకాడవద్దు. 1983లో ఇంటికి పంపిన తర్సేమ్ సింగ్ 1999లో కోర్టుకెక్కినా వైకల్య పింఛను హక్కు పోలేదు. కానీ 2008లో సుప్రీంకోర్టు ఆయనకు బకాయిలను దావా వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేసింది.