‘సాదా’ మాట వెనుక ఒక బాలుడు

మా అబ్బాయి సాఫ్ట్‌వేరు ఉద్యోగి. మొన్న ఫోనులో ఎవరితోనో, “అది ప్లెయిన్ వెనిలా వెర్షనండీ, హంగులేమీ లేవు” అంటున్నాడు. ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలకు వ్యుత్పత్త్యర్థాలు నూరిపోసినవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేకపోయాను. ఐస్‌క్రీములన్నిటిలో సాదాది వెనిలాయే కనుక ఆ పలుకుబడి పుట్టిందన్నాడు వాడు. నిజమే. కాని వెనిలా సాదా ఎప్పుడయింది?

స్పానిషు భాషలో ఆ మాటకు ‘చిన్న ఒర’ అని అర్థం. కాయ ఆకారాన్నిబట్టి వచ్చిన పేరు. మెక్సికో అడవుల్లోని ఒక ఆర్కిడ్ తీగకు కాసే కాయ అది. అజ్టెక్ ప్రభువులు తాగే చాక్లెట్‌లో దానిని కలిపేవారు. 1791లో అమెరికా విదేశాంగ మంత్రిగా ఉన్న థామస్ జెఫర్సన్ వెనిలా కాయల కోసం పారిస్‌కు ఉత్తరం వ్రాయవలసి వచ్చింది. అంత అపురూపం!

తీగను ఇతర దేశాలకు తీసుకుపోయి నాటితే పూసేది కాని కాసేది కాదు. పువ్వు విచ్చేది ఒక్క పూట. పుప్పొడికీ కీలాగ్రానికీ నడుమ సన్నని పొర అడ్డం. 1836లో బెల్జియం శాస్త్రజ్ఞుడు షార్ల్ మొరెన్ చేతితో పరాగసంపర్కం చేసి కాయలు కాయించాడు గాని, ఆ పద్ధతి తోటలకు అక్కరకు రాలేదు.

1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ళ బానిస బాలుడు సన్నని పుల్లతో ఆ పొరను ఎత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని అద్దాడు. కాయ కాసింది. తల్లి పురిట్లోనే పోయిన అనాథ అతడు. బడి మొగమెరుగడు. ఒక ఫ్రెంచి పండితుడు ఆ ఘనత తనదేనని వాదించగా, యజమాని బెల్లియే బోమోఁ బాలుని పక్షాన నిలిచాడు. 1848లో దాస్యవిముక్తి కలిగినప్పుడు అతనికి ‘ఆల్బియస్’ అనే ఇంటిపేరు పెట్టారు. లాటిన్‌లో ‘ఆల్బస్’ అంటే తెలుపు! అతని పద్ధతితో తోటలవారు ధనవంతులయ్యారు. అతడు మాత్రం 1880లో కడు పేదరికంలో కన్నుమూశాడు. నేటికీ తోటల్లో వెనిలా పువ్వులకు ఆ విధంగానే, ఒక్కొక్కదానికీ చేతితోనే పరాగసంపర్కం చేస్తారు.

1874లో జర్మనీ రసాయనజ్ఞులు వెనిలా పరిమళాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అప్పటినుంచి అది చవకై, ఇంటింటికీ చేరి, చివరకు ‘ఏమీ లేనిది’ అనే అర్థానికి దిగింది. అసలు కాయ మాత్రం నేటికీ కుంకుమపువ్వు తరువాత చెప్పుకోదగినంత ఖరీదైన సుగంధద్రవ్యం.

మనం సాదా వస్తువును ‘మామూలు’ అంటాం. (కచేరీల్లో బల్లక్రింద చేతులు మారే మామూళ్ళ ప్రసక్తి ఇక్కడ వద్దు.) అరబ్బీ మూలంలో ఆ మాటకు ‘చేయబడినది’ అని అర్థం. ఎవరో చేయగా చేయగా అలవాటైపోయినదే మామూలు. చేసిన చేతిని మరచిపోతేనే వస్తువు సాదాగా కనబడుతుంది కాబోలు.

ఈ సంగతి మా వాడికి చెప్పాను. కాసేపు ఊరుకుని, “అతని పేరేమిటన్నారు నాన్నగారూ?” అని అడిగాడు.