ఓడెక్కిన కోటు

క్రూజ్ షిప్పుల్లో ఈ 'ఫార్మల్ నైట్' గోలేంటని చరిత్ర కాస్త తిరగేశాను.

అట్లాంటిక్ లైనర్లలో ఫస్ట్ క్లాస్ వాళ్ళు రోజూ రాత్రి భోజనానికి ముస్తాబయ్యేవాళ్ళు. మొదటి రాత్రి, చివరి రాత్రి తప్ప. మొదటిరోజు పెట్టెలు విప్పరు, చివరిరోజుకి సర్దేస్తారు మరి! 1927లో వచ్చిన ఫ్రెంచి ఓడ ఇల్ ద ఫ్రాన్స్‌లో అయితే డైనింగ్ హాల్లోకి పెద్ద మెట్లు దిగి రావాలి, అందరి కళ్ళూ పడేట్టు. థర్డ్ క్లాస్‌కి ఈ బాధ లేదు. వాళ్ళని చూసేదెవరు?

1958లో జెట్ విమానాలొచ్చి లైనర్ల పని పట్టాయి. ఓడలు విహారయాత్రలకి మళ్ళాయి, పాత క్లాసులు చాలామటుకు పోయాయి, కోటు మాత్రం మిగిలింది. అచ్చం మన లెగసీ కోడ్‌లా! 2000లో నార్వీజియన్ క్రూజ్ లైన్ 'ఫ్రీస్టైల్' అంటూ తీసేసింది. క్యునార్డ్ ఇప్పటికీ గాలా రాత్రులు నడుపుతోంది, ముస్తాబు కానివాళ్ళకి బఫే ఉందట. టికెట్ కొన్నాక కూడా కోటు లేదని బఫేకి ఎందుకు పోవాలంటారు?