రెప్ప మన మాట ఎందుకు వినదు?

ఉప్పల్ స్టేడియంలో సిక్సర్ మనవైపే వస్తుంటే కళ్లు వాటంతటవే మూసుకుంటాయి కదా! డార్విన్‌కీ ఇదే జరిగింది. జూలో అద్దం వెనక పాము కాటేయబోయినా కదలొద్దని గట్టిగా అనుకున్నాడు. అయినా ఎగిరి వెనక్కి దూకాడు. 1872 పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు.

1939లో లాండిస్, హంట్ పిస్టల్ పేల్చి మొహాలను స్పీడ్ కెమెరాతో తీశారు. గురి తప్పని పోలీసులకూ రెప్ప పడింది! నాచారం రామకృష్ణా స్టూడియోలో హీరో రెప్ప వేయకుండా కాల్చాలంటే ఎంత కష్టమో చూడండి.

అసలు ట్విస్ట్ 1988లో. వ్రానా, స్పెన్స్, లాంగ్ బొమ్మలు చూపిస్తూ మధ్యలో పెద్ద శబ్దం వినిపించారు. భయంకరమైన బొమ్మ ఎదురుగా ఉంటే రెప్ప గట్టిగా పడింది, నచ్చిన బొమ్మయితే మెల్లగా. శబ్దం మాత్రం ఒక్కటే. హారర్ సినిమాలో ముందు చీకటి మెట్లు చూపించి, తర్వాతే తలుపు ఠపీమని ఎందుకు వేస్తారో మరి!