వేలు జారితే మాట మారింది

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. నాకు చేతనైన విద్య టైపు ఒక్కటే గనుక దాని కథే రాస్తున్నాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉన్నది. అది చెప్పుకోవడానికే ఈ వ్యాసమనుకున్నా తప్పులేదు.

అమెరికాలో మిల్వాకీ పట్టణానికి చెందిన క్రిస్టఫర్ షోల్స్ తన సహచరులతో కలిసి 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందాడు. తుపాకులు చేసే రెమింగ్టన్ కంపెనీ 1874లో దానిని అమ్మకానికి పెట్టింది. ఆ మిషనుపై పెద్దక్షరాలే పడేవి. 1878లో షిఫ్టు కీ ఉన్న మోడలు వచ్చాక చిన్నక్షరాలు కూడా పడ్డాయి. క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై అని సాగే పై వరుస ఆనాటిదే. ఈనాడు మన చేతిలోని ఫోనులోనూ అదే వరుస ఉన్నది.

1888లో సిన్సినాటి నగరంలో జరిగిన పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే ఆయన కీల వంక చూడకుండా పది వేళ్లతో కొట్టి గెలిచాడు. మనం ఇన్‌స్టిట్యూట్లలో నెలల తరబడి నేర్చుకున్నది ఆ పద్ధతే. ఇంగ్లీషు లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. కీల వంక చూస్తే మా మాస్టారు స్కేలుతో ఒకటిచ్చేవారు.

నేను 1972లో తాలూకా ఆఫీసులో టైపు గుమస్తాగా చేరాను. 1966లో అధికార భాషా చట్టం వచ్చి ఉన్నందున తెలుగు మిషను కూడా నేర్వవలసి వచ్చింది. నలభై పైచిలుకు కీలలో మన అక్షరాలు, గుణింతాలు, వత్తులు అన్నీ ఇమడాలి. వత్తు కొట్టినప్పుడు కారేజీ కదలదు, అక్షరం కిందనే పడుతుంది. ఒక కీ బదులు ఇంకొకటి తగిలితే సాధారణంగా అర్థంలేని మాట పడేది. ఆ తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది. అయినా ఫెయిరు కాపీ సంతకానికి వెళ్లేముందు ఒకరు డ్రాఫ్టు చదివేవారు, ఇంకొకరు సరిచూసేవారు. దానినే కంపేరు చేయడం అనేవాళ్లం. నాలుగు కార్బను కాపీలు మళ్లీ కొట్టవలసి వస్తుందన్న భయం అందరికీ ఉండేది.

మన దేశంలో 1955లో టైపు మిషన్లు చేయడం మొదలుపెట్టిన గోద్రెజ్ కంపెనీ 2009లో ఆ తయారీ ఆపేసింది. చిత్రమేమంటే, వేలు ఎత్తకుండా అక్షరాల మీదుగా గీత గీసే 'స్వైప్' పద్ధతి శాంసంగ్ ఫోనులో అమ్మకానికి వచ్చినది కూడా 2009లోనే. దానిని తెచ్చినవారు క్లిఫ్ కుష్లర్, రాండీ మార్స్‌డెన్. అంతకుముందే ఐబిఎం పరిశోధకుడు షుమిన్ ఝాయ్, పెర్ ఓలా క్రిస్టెన్సన్ కూడా ఇటువంటి పద్ధతిమీద పనిచేశారు. 2012లో ఆండ్రాయిడ్ కీబోర్డులోకే ఈ సదుపాయం వచ్చింది. స్వైప్ అన్న ఆ సరుకు 2018లో ఆగిపోయినా పద్ధతి నిలిచింది.

ఇది పనిచేసే తీరు వేరు. టైపు మిషను మనం కొట్టిన అక్షరాన్ని అచ్చు వేస్తుంది. స్వైప్ మన వేలు గీసిన గీతను తనకు తెలిసిన మాటల గీతలతో పోల్చుతుంది. ముందు మాటలను బట్టి, వాడుకను బట్టి ఏ మాట అయి ఉంటుందో ఊహించి వేస్తుంది.

నా వేళ్లు బిగుసుకుపోయి ఫోనులో చిన్న కీలు నొక్కలేకపోతుంటే, మనవరాలు "తాతయ్యా, వేలు ఎత్తకు, లాగుతూ పో" అని నేర్పింది. ఇంగ్లీషు అక్షరాల మీదుగా లాగితే తెలుగు మాట పడుతున్నది. పోయిన చేయి తిరిగి వచ్చినంత సంతోషం కలిగింది.

ఆ సంతోషంలోనే, కాలం చేసిన మా సెక్షన్ మిత్రుని భార్యకు కుటుంబ పింఛను అర్జీ రాసి పెట్టాను. జిరాక్సు షాపులో ప్రింటు తీసి, ఆమె చేత సంతకం చేయించి పంపాము. కొన్ని వారాలకు అర్జీ తిరిగి వచ్చింది. "నా భర్త మరణించినందున" అని ఉండవలసిన చోట "నా భార్య మరణించినందున" అని ఉన్నది! ఆర్, టి, వై పక్కపక్క కీలు. టి దగ్గర మళ్లవలసిన వేలు వై దాకా జారింది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే గనుక ఫోనుకు అనుమానం రాలేదు. అక్షరదోషం లేదు గనుక నా కంటికీ ఆనలేదు. 36 సంవత్సరాల సర్వీసు చేసిన నేను కంపేరు చేయకుండా పంపాను. తప్పు ఫోనుది కాదు, నాది.

ఆమె ఒక్క మాట అనలేదు. "ఇంకొకటి రాసిపెట్టండి అన్నయ్యగారూ" అన్నది. రెండోసారి ఆమెనే పైకి చదవమన్నాను. నేను ఫోను చూస్తూ అక్షరం అక్షరం సరిచూశాను. "నా భర్త" అన్న చోట ఆమె కాసేపు ఆగి, మళ్లీ చదివింది.

మిత్రులారా, వేళ్లు సహకరించనివారు తప్పక స్వైప్ నేర్చుకోండి. మన వయసుకు అది పెద్ద ఉపకారమే. అయితే పాత మిషను తప్పు చేస్తే తప్పుగానే కనిపించేది. ఈ కొత్త పద్ధతి తప్పును ఒప్పులాగా చూపిస్తుంది. కనుక పింఛను కాగితమైనా, బ్యాంకు కాగితమైనా పంపేముందు ఇంట్లో ఒకరి చేత చదివించి సరిచూసుకోండి. మిషన్లు పోయినా ఆ అలవాటు పోనివ్వకండి.

శెలవు.